మడమ మీద చేప తోక

గ్రున్‌వేర్
1979 సెప్టెంబరు 9, ఆదివారం

తమ్ముడు ఆర్నుల్ఫ్‌కి,

నువ్వూ ఓసె కులాసాగా ఉన్నారనుకుంటాను. ట్రోండ్‌హైమ్‌లో చెట్లకి ఇంకా ఆకులున్నాయని ఓసె కార్డు రాసింది. ఇక్కడ కొండ నెత్తిన అప్పుడే మంచు తెల్లగా పడింది. మన ఎర్ర గొర్రె మళ్ళీ కంచె దూకి పక్కింటి కాస్పర్ వాళ్ళ బంగాళాదుంపల్లో పడింది. దాన్ని చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చి, "మగ్నీ, నీ కూతుర్ని కట్టేసుకో, ఊరి మీద పడి తిరుగుతోంది" అన్నాడు. నవ్వొచ్చింది. నా బిడ్డ ఐలిఫ్ పోయాక నేను నవ్వడం అదే మొదలేమో. వెంటనే కొట్టంలోకి పోయి ఏడ్చాను.

నేను పెద్దగా చదువుకోలేదు, నీకు తెలుసు. ముందుది వెనకా వెనకది ముందూ రాస్తాను. సర్దుకుని చదువుకో.

మంచు మీద జారకుండా బూట్ల అడుగున మేకులు కొట్టే రోజులొచ్చాయి. పోయినేడు ఇదే వంటింటి బల్ల మీద బూట్లు బోర్లించి కూర్చున్నాను. నావి, ఐలిఫ్‌వి, నీవి. ఓసె పట్నం పిల్ల, సుత్తి పట్టడం రాదు. అందుకే పెళ్ళయ్యాక కూడా నీవి నేనే కొడుతున్నాను కదా. నువ్వు పొయ్యి పక్కన కూర్చుని, "అక్కా, మెల్లగా! మేకు నా కాల్లోకి దిగితే రేపు రేవులో నా పని నువ్వే చెయ్యాలి" అంటూ ఉండేవాడివి. ఐలిఫ్ నవ్వి నవ్వి కాఫీ ఒలకబోశాడు.

మనింట్లో ఈ గుర్తు మొదలుపెట్టింది అమ్మే. మడమ దగ్గర మేకులతో చేప తోక. కాస్పర్ వాళ్ళది నిలువు గీత, రైదున్ వాళ్ళది సిలువ. పొద్దున్నే కిటికీలోంచి మంచు మీద అడుగులు చూసి ఎవరు ఎటు వెళ్ళారో చెప్పేసేది అమ్మ. "మీ నాన్న దుకాణానికి పోతానని చెప్పి పడవల వైపు తిరిగాడు చూడు" అనేది.

ఇవాళ ఐలిఫ్ బూట్లు తీశాను. నువ్వు సంచిలో పెట్టి ఇచ్చినప్పటి నుంచి విప్పలేదు. ఉప్పు చారలు కట్టి, తోలంతా బిగుసుకుపోయింది. తిప్పి చూస్తే అడుగున ఒక్క మేకు లేదు. చేప తోక ఆకారంలో చిల్లులు మాత్రం ఉన్నాయి. నువ్వు చెప్పినట్టే ఉంది. ఖననం రోజున నా చెయ్యి పట్టుకుని, "తోటి కుర్రాళ్ళు అమ్మకూచి అని ఎగతాళి చేస్తే వాడే పీకేసుకున్నాడక్కా" అన్నావు. అప్పుడు సగం విన్నాను, సగం వినలేదు. ఇప్పుడు కళ్ళతో చూశాను.

నాకు వాడి మీద కోపంగా ఉంది తమ్ముడూ. చచ్చిపోయిన బిడ్డ మీద కోపం. ఎవరితో చెప్పను? ఒక్కొక్క మేకూ నా బొటనవేలితో తడిమి, ఎక్కువ పొడుచుకొస్తోందా తక్కువైందా అని చూసి కొట్టాను. నలుగురు నవ్వారని పీకి పారేశాడా? ఆ నున్నటి అడుగుతో రేవు గట్టు మీదికి పోయి, పడవకీ గట్టుకీ మధ్య పడ్డాడా?

నవంబరు మొదటి ఆదివారం అందరూ సమాధుల మీద దీపాలు పెడతారు. కోపంతో దీపం పెట్టకూడదు. నేను పెట్టగలనో లేదో తెలియడం లేదు.

ఊళ్ళోవాళ్ళంతా జాలిపడి నోరు మూసుకున్నారు. నువ్వొక్కడివే దాచకుండా చెప్పావు. ఈ లోకంలో నాకు మిగిలినవాడివి నువ్వే.

మీ అక్క
మగ్నీ


ట్రోండ్‌హైమ్
సెప్టెంబరు 21

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. మేమిద్దరం బాగున్నాం. గోదాములో పని అలవాటవుతోంది. ఇక్కడ నా కింద మనుషులున్నారు, చేతికి చేప వాసన అంటదు. ఓసె చాలా సంతోషంగా ఉంది.

ఆ బూట్లు ఎందుకు తీశావక్కా? పాత గాయాన్ని గోకుతున్నావు. వాటిని పొయ్యిలో వెయ్యి, లేదా సముద్రంలో పారెయ్యి. ఉంచుకుంటే నీకు మనశ్శాంతి ఉండదు. కుర్రతనం అలాంటిది. మనమూ ఆ వయసులో టోపీ పెట్టుకోమంటే జేబులో కుక్కుకుని తిరిగాం. వాడిని క్షమించు. తల్లివి, నువ్వు క్షమించక ఇంకెవరు క్షమిస్తారు?

ఒక చిన్న పని. నా శీతాకాలం బూట్లు మీ కొట్టంలోనే వదిలేశాను. ఇక్కడ మా వీధి ఏటవాలు, నవంబరు వచ్చేసరికి అద్దంలా తయారవుతుందట. ఓపికుంటే మేకులు కొట్టి పంపు. నీ చేతి పని ఇక్కడ ఏ దుకాణంలోనూ దొరకదు.

ఎర్ర గొర్రెని అమ్మెయ్యి. దానికి బుద్ధి రాదు.

నీ తమ్ముడు
ఆర్నుల్ఫ్


గ్రున్‌వేర్
సెప్టెంబరు 30, ఆదివారం

తమ్ముడికి,

గొర్రెని అమ్మను. అది ఐలిఫ్ సీసాపాలు పట్టి పెంచిన గొర్రె. నువ్వు మరిచిపోయి ఉంటావు.

బూట్లు పారెయ్యమన్నావు. నా మంచికే అన్నావని నాకు నేను చెప్పుకున్నాను. అయినా పారెయ్యలేదు. కిటికీ కింద పెట్టాను.

నీకు ఇంతకుముందు చెప్పని సంగతి ఒకటుంది. జనవరిలో, వాడు పోవడానికి కొంచెం ముందు, మన వాకిట్లో మంచు మీద వాడి అడుగులు చూశాను. చేప తోక లేదు. నున్నగా, పెనం బోర్లించినట్టు ఉన్నాయి. సాయంత్రం అడిగాను, "ఏరా, మేకులేవి?" అని. వాడు చేపల పులుసులో రొట్టె ముంచుకుంటూ నా మొహం చూడకుండా, "అరిగిపోయాయేమోనమ్మా" అన్నాడు. "నాలుగు నెలల్లో ఇనుము అరిగిపోతుందా? నీ పాదాలేమన్నా ఆకురాళ్ళా?" అన్నాను. నవ్వాడు. నవ్వి, "పడుకో అమ్మా, పొద్దున చూద్దాం" అన్నాడు. పొద్దున నేను లేచేసరికి వెళ్ళిపోయాడు.

చిన్నప్పటి నుంచి వాడు నాతో అబద్ధమాడి ఎరగడు ఆర్నుల్ఫ్. నీ పడవ అద్దం పగలగొట్టినప్పుడు కూడా తనే వచ్చి చెప్పాడు. ఈ ఒక్కటి ఎందుకు ఆడాడు? అంత సిగ్గుపడేలా వాడిని ఏమన్నారు? ఎవరన్నారు? నువ్వు ఆ చేపల షెడ్డుకి మేస్త్రీవి, పగలంతా వాళ్ళ మధ్యే ఉండేవాడివి. పేరు చెప్పు. కాస్పర్ కొడుకు ట్రూల్స్ కదా? వాడికే ఆ నోరుంది. రైదున్‌ని కూడా కోడిపెట్టా అని పిలుస్తాడు.

నిన్న ట్రూల్స్ రెండు కాడ్ చేపలు తెచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తలుపు తియ్యలేదు. తెరలోంచి చూస్తూ నిలబడ్డాను. చేపలు గొళ్ళేనికి తగిలించి పోయాడు. పిల్లికి పెట్టాను.

నీ బూట్లు దొరికాయి. మేకులు తెప్పిస్తాను.

మీ అక్క
మగ్నీ


ట్రోండ్‌హైమ్
అక్టోబరు 8

అక్కకి,

పనుల ఒత్తిడి వల్ల కొద్దిగానే రాస్తున్నాను.

ఎవరన్నారో నాకు సరిగ్గా గుర్తులేదు. షెడ్డులో పాతికమంది ఉంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉంటారు. ట్రూల్స్ కావచ్చు. వాడి నోరు నీకూ తెలుసు. కానీ నువ్వు వెళ్ళి అడగొద్దు. నీ పరువు పోతుంది, చచ్చిపోయిన వాడి పరువూ పోతుంది. జనం మరిచిపోతున్నారు, మరిచిపోనివ్వు.

బూట్ల సంగతి గుర్తుంచుకో. ఇక్కడ పొద్దున్నే నీటిగుంటలు గడ్డకడుతున్నాయి.

ఆర్నుల్ఫ్


గ్రున్‌వేర్
అక్టోబరు 14, ఆదివారం

ఆర్నుల్ఫ్‌కి,

వెళ్ళొద్దన్నావు. వెళ్ళాను.

కోపంతో వెళ్ళాను, అది ఒప్పుకుంటాను. మొన్న శుక్రవారం కాస్పర్‌కి అరవై నిండాయని షెడ్డు కాఫీ గదిలో విందు పెట్టుకున్నారు. రైదున్ వచ్చి, "ఇంట్లో కూర్చుని గోడలతో మాట్లాడతావా? అట్లు పోసి పట్టుకురా, అందరూ అడుగుతున్నారు" అంది. పొయ్యి ముందు నిలబడి పెరుగు అట్లు పోస్తున్నంతసేపూ ట్రూల్స్‌ని ఏమనాలో కూడబలుక్కున్నాను. అందరి ముందూ అనాలని. నా కొడుకుని నీ నోటితో చంపావురా అని.

నీకు ఆ నడవ తెలుసు కదా. కాఫీ గదికి ముందు, వేడిగొట్టం పక్కన, బూట్లు ఆరబెట్టే కొయ్యమేకులు. అందరూ బూట్లు విప్పి తలకిందులుగా తగిలిస్తారు. నా చేతిలో అట్ల పళ్ళెం ఉంది. కాలితో తలుపు నెట్టి లోపలికి వచ్చి తలెత్తాను.

గోడ నిండా బూటు అడుగులు నా వైపే చూస్తున్నాయి.

కాస్పర్ ఇంటి నిలువు గీత. రైదున్ మొగుడి సిలువ. లార్స్ వాళ్ళ చక్రం. అన్నీ చిల్లులే. ఒక్కదానికీ మేకు లేదు. గోడ పొడుగునా, ఊళ్ళో ప్రతి ఇంటి గుర్తూ, దంతాలు ఊడిన చిగుళ్ళలా.

ఎంతసేపు నిలబడ్డానో. అట్లు చల్లారిపోయాయి. ట్రూల్స్ సాక్సులతోనే బయటికి వచ్చి, "మగ్నీ పిన్నీ! తలుపులోనే నిలబెట్టి మమ్మల్ని ఆకలితో చంపుతావా? మా నాన్నకి ఇవాళ అరవయ్యే, ఎనభై కాదు, ఇంకా పళ్ళున్నాయి" అన్నాడు.

నేను అడిగాను. "ట్రూల్స్, మావాడిని చూసి నవ్వింది నువ్వేనా?"

"దేనికి?"

"బూట్లకి మేకులున్నాయని. అమ్మకూచి అని."

వాడు నన్ను చూశాడు, గోడని చూశాడు. "నవ్వడానికి మాకేమన్నా మేకులు మిగిలాయా పిన్నీ?" అన్నాడు. "మేస్త్రీ గారు మా అందరివీ పీకేశారు కదా. ఆ కొత్త ఆకుపచ్చ గచ్చు మీద గీతలు పడుతున్నాయని. అదిగో ఆ బల్ల మీదే కూర్చుని, పటకారు పట్టుకుని, ఒక్కొక్కరినీ పిలిచి."

"ఐలిఫ్‌వి కూడానా?"

"వాడివే ముందు. సొంత మేనల్లుడివి ముందు పీకితే ఇక ఎవరూ నోరెత్తరు కదా."

నీకు మామయ్య అని పేరుంది ఆర్నుల్ఫ్. ఆ పేరుతో వాడు నిన్ను రోజుకి ఎన్నిసార్లు పిలిచేవాడో. నీ చేతికి కాలు చాపి కూర్చున్నాడు.

కాఫీ గదిలోంచి కాస్పర్ వచ్చి నా చేతిలోంచి పళ్ళెం తీసుకున్నాడు. "ఇన్నాళ్ళూ నాకు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. ఆ ముసలాడు పళ్ళెం బల్ల మీద పెట్టి చెప్పాడు. "నీకు తెలుసనుకున్నాం మగ్నీ. అక్కకి నేను చెప్పాను, తన ముందు ఆ మాట ఎత్తొద్దని వేడుకుంది అన్నాడు మీ తమ్ముడు. అందుకే నిన్ను చూస్తే మేమంతా తలలు దించుకున్నాం."

నాకేమో వాళ్ళ మీద కోపం. వాళ్ళకేమో నా మీద జాలి. మధ్యలో నువ్వు. ట్రూల్స్ తెచ్చిన చేపలు పిల్లికి పెట్టాను. నా బిడ్డ మీద కోపగించుకున్నాను. ఎనిమిది నెలలు.

ట్రూల్స్ పక్కనే కూర్చుని కాఫీ తాగాను. వాడు ఒక్క అట్టు కూడా తినలేదు.

వాళ్ళ మాట విన్నాను. ఇప్పుడు నీ నోటి మాట కావాలి. నిజం రాయి.

మగ్నీ


ట్రోండ్‌హైమ్
అక్టోబరు 23

అక్కా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపి, మొదలుపెట్టి చింపి రాస్తున్నాను. ఓసెకి తెలియదు.

ట్రూల్స్ చెప్పింది నిజం. పీకింది నేనే. కానీ నా మాట పూర్తిగా విను. కొత్త గచ్చు వేసినప్పుడే యజమాని చెప్పాడు, దాని మీద గీత పడితే అందులో నీచు చేరుతుంది, మార్చిలో కొనుగోలుదారులు చూడటానికి వస్తారు, అప్పటికి మచ్చ కనబడకూడదని. మనవాళ్ళు తోపుడు బండ్లు పట్టుకుని పొద్దున్నించీ లోపలికీ గట్టు మీదికీ తిరుగుతూనే ఉంటారు. ప్రతిసారీ బూట్లు మార్చమంటే పని సాగదు. మరి నేనేం చెయ్యను?

ఊరికే వదిలెయ్యలేదు. బూట్ల పైనుంచి తగిలించుకునే రబ్బరు పట్టీలుంటాయి, కింద మేకులుంటాయి. గుమ్మం దాటేటప్పుడు తగిలించుకుని, లోపలికి వచ్చేటప్పుడు లాగెయ్యొచ్చు. అవి తెప్పించాను. గాలులకి ఓడ ఆలస్యమైంది. అవి వచ్చేదాకా ఆగుదామనుకున్నాను, కానీ యజమాని రోజూ గచ్చు మీద వంగి చూస్తున్నాడు. ముందు మేకులు పీకేశాను. కొన్నాళ్ళే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ పొద్దున గట్టు కడిగారు. కడిగిన నీళ్ళు కడిగినట్టే గడ్డకట్టాయి. పట్టీలు ఖననం అయ్యాక వచ్చాయి.

వాడు నీతో అబద్ధమాడింది నా కోసం. "మీ అమ్మకి చెప్పకు, రేవు మీదికి వచ్చి నన్ను అందరి ముందూ చెడామడా తిడుతుంది" అన్నాను. వాడు నవ్వి, "చెప్పను మామయ్యా, నాకూ భయమే" అన్నాడు. మాట ఇచ్చాడు. నిలబెట్టుకున్నాడు.

ఆ రోజు నీ మొహం చూసి నా నోట నిజం రాలేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి ఆ మాట అన్నాను. అన్నాక వెనక్కి తీసుకోలేకపోయాను. నీకు దూరంగా ఉంటే మరిచిపోతానని ఇక్కడికి వచ్చాను.

ఒక్కటి వేడుకుంటున్నాను. దీన్ని ఊరు దాటనివ్వకు. ఇక్కడి గోదాములో ఎవరికైనా తెలిస్తే నా పని అయిపోయినట్టే. వాడు వెళ్ళిపోయాడు, ఎవరేమనుకున్నా వాడికి ఇక తగిలేది లేదు. నేనింకా బతకాలి కదా అక్కా.

బూట్లు పంపకపోయినా ఏమీ అనుకోను.

ఆర్నుల్ఫ్


గ్రున్‌వేర్
నవంబరు 4, ఆదివారం

ఆర్నుల్ఫ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నిలబడి, రెండోసారి కూర్చుని.

మేకులు పీకినందుకు నిన్ను తిట్టను. భయపడ్డావు. యజమాని ముందు వంగినవాళ్ళు ఈ ఊళ్ళో నీకు ముందూ ఉన్నారు. "అక్కా, పీకింది నేనే, తప్పైపోయింది" అని ఆ రోజే అని ఉంటే నీ మొహం మీద కొట్టేదాన్ని, తర్వాత నీ భుజం మీదే ఏడ్చేదాన్ని. ఇంకెవరి భుజం మీద ఏడుస్తాను? నువ్వలా అనలేదు. నీ మాట నిలబెట్టిన పిల్లాడి మీద నీ తప్పు పెట్టావు. వాడు లేచి, "మామయ్యా, అదేమిటి?" అని అడగలేడని తెలిసే పెట్టావు. పైగా క్షమించమని నాకు రాశావు.

వాడికి ఇక తగిలేది లేదన్నావు. నాకు తగిలింది. వాడంటే నేనే కదా ఇప్పుడు, ఇంకెవరున్నారు?

ఆ రబ్బరు పట్టీల గురించి. అవి ఎక్కడున్నాయని నువ్వు రాయలేదు. నేను కొత్త మేస్త్రీని అడిగాను. అలాంటివి ఉన్నట్టే తనకి తెలియదన్నాడు. రైదున్, నేను కలిసి వెతికాం. అటక మీద, పాత వలల వెనక, పెట్టె కట్టిన తాడు కట్టినట్టే ఉంది. ఖననం తర్వాత వచ్చాయన్నావు. అక్కడి నుంచి ఏప్రిల్లో నువ్వు వెళ్ళిపోయేదాకా గట్టు మీద మంచు ఉంది ఆర్నుల్ఫ్. ట్రూల్స్, లార్స్, కాస్పర్ ఆ మంచు మీదే నున్నటి అడుగులతో తిరిగారు. పెట్టె విప్పితే, ఇవి ముందే ఎందుకు లేవని ఎవరైనా అడుగుతారని నువ్వు విప్పలేదు. ఒకడు పోయాక కూడా విప్పలేదు. దీన్ని ఎలా మింగాలో నాకు తెలియడం లేదు.

పెట్టె తాడు నేనే కోశాను. పట్టీలు గుమ్మం పక్కనే, చెయ్యి అందే ఎత్తులో కొక్కేలకి తగిలించాం. మొదటి రోజు అందరూ విసుక్కున్నారు. "పెళ్ళికూతురి మేజోళ్ళలా ఇవేమిటి?" అన్నాడు ట్రూల్స్. కాస్పర్ వాడి నెత్తి మీద ఒక్కటి పెట్టి, "తొడుక్కో, పెళ్ళికూతురా" అన్నాడు. బుధవారం గట్టు మీద వాన పడి అలాగే గడ్డకట్టింది. రైదున్ మొగుడు నిండు బండి తోసుకుంటూ దాని మీద నడిచాడు. నేను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. జారలేదు. గచ్చు మీద గీతా పడలేదు. తలుపు దగ్గర నాలుగు కొక్కేలు. అంతే కావలసింది.

దీన్ని ఊరు దాటనివ్వకన్నావు. నేను ఊరు దాటి ఎక్కడికి పోతాను? కానీ ఊళ్ళో అందరికీ చెప్పాను. ఇవాళ ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి చెప్పాను. నా కొడుకు నేను కొట్టిన మేకులు పీకేసుకోలేదు, వాళ్ళ మామయ్యకిచ్చిన మాట కోసం నోరు మూసుకున్నాడు అని. నాకు పెద్ద మాటలు రావు. అంతవరకే చెప్పాను. ట్రూల్స్ టోపీ తీశాడు.

తర్వాత దీపం పెట్టాను. గాలికి రెండుసార్లు ఆరింది, మూడోసారి నిలిచింది. "పొద్దున చూద్దాం అన్నావు కదరా, చూశాను" అన్నాను వాడితో. తిరిగి వస్తూ వెనక్కి చూస్తే కొత్త మంచు మీద వాడి దగ్గరి నుంచి గేటు దాకా నా అడుగులు. అన్నీ చేప తోకలు.

నీ బూట్లు ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. మేకులు కొట్టాను. మీ వీధి ఏటవాలన్నావు, నువ్వైనా ఎవరైనా జారి పడటం నాకు ఇష్టం లేదు. ఒక్కొక్కటీ బొటనవేలితో తడిమే కొట్టాను, ఊడవు. కానీ మడమ దగ్గర తోక పెట్టలేదు. దుకాణంలో కొన్నవాటికి ఉన్నట్టు వట్టి వరసలు. నీ అడుగు చూసి ఇక ఎవరూ ఏ ఇంటివాడివో చెప్పలేరు.

చూసుకుని నడువు.

ఐలిఫ్ తల్లి
మగ్నీ